డబ్బాలో పొగమంచు

మార్స్ మీద ఉప్పునీరు పారుతూ ఉండవచ్చని 2015 సెప్టెంబర్‌లో వార్త వచ్చిన రోజు నేను సన్నీవేల్‌లో ఆఫీస్ షటిల్‌లో ఉన్నాను. పక్కసీటాయన ఫోన్‌లో అది చూసి, "అక్కడ నీళ్ళుంటే మనకేంటండీ, ఇక్కడ కాలిఫోర్నియాలో వానల్లేవు," అన్నాడు. నవ్వాను. నాకు మాత్రం అరిజోనాలోని మా పాత ల్యాబ్ గుర్తొచ్చింది, ఉజ్వల గుర్తొచ్చింది.

2009లో మేమిద్దరం అక్కడ ఎమ్మెస్ చదివేవాళ్ళం, ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మాది చీరాల దగ్గర చినగంజాం, తనది నిజామాబాద్. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినదాన్ని నేనొక్కదాన్నే. చెప్పిన పని చెప్పినట్టు చేయడం తప్ప వేరే తెలివి ఉండేది కాదు.

నా థీసిస్ అంతా ఒక ఉక్కు డబ్బాలో ఉండేది. చిన్న ఫ్రిజ్ అంత ఉంటుంది. లోపలి గాలి దాదాపు తీసేసి, మార్స్ మీద ఉన్నంత చలి పెట్టి, అక్కడి మట్టిలో దొరికినటువంటి ఉప్పు రవ్వలు కొన్ని ఉంచేదాన్ని. కాస్త తేమ వదిలితే ఆ ఉప్పు తడిని పీల్చుకుని, అంత చలిలోనూ గడ్డకట్టకుండా నీటిబొట్టు కావాలి. కావడం లేదు. శుక్రవారంలోగా బొట్టు కనబడకపోతే థీసిస్ మానేసి, మిగతా కోర్సులతో డిగ్రీ ముగించుకోమన్నారు ప్రొఫెసర్. కోపంగా కూడా కాదు, మర్యాదగానే అన్నారు. అదే ఎక్కువ బాధ.

తేమ వదిలినప్పుడల్లా లోపల పొగమంచు కమ్మేది. ఆ ఎడారి ఊళ్ళో పొగమంచును మా డబ్బాలో తప్ప ఇంకెక్కడా చూడలేదు. కెమెరాకి ఏమీ కనబడేది కాదు. నేను వాల్వ్ తిప్పి కాస్త పొడిగాలి పంపేదాన్ని. మంచు విడిపోయేది. రవ్వలు పొడిగా, మెరుస్తూ కనబడేవి. తడి లేదని రాసుకునేదాన్ని.

గురువారం పొద్దున ఉజ్వల తోడుగా వచ్చి కూర్చుంది. నేను అలవాటుగా వాల్వ్ మీద చెయ్యి వేశాను.

"ఏందే విద్యా నీ తొందర? ఇంట్ల ఇడ్లీ కుక్కర్ కాడ గూడ గిట్లనే జేస్తవు. ఉడికినయా అని మాటిమాటికి మూత తీస్తవు. ఉన్న ఆవిరంత బయటికే పాయె!"

"చూడకపోతే ఎట్టా తెలుస్తదే?"

"చూస్తే ఏం తెలిసింది ఇన్నొద్దులు? ఉడకని పిండే తిన్నం."

ఇద్దరం నవ్వాం. నవ్వు మధ్యలోనే నా చెయ్యి ఆగిపోయింది. మంచు పోగొట్టడానికి పంపిన పొడిగాలి, ఉప్పుకి పట్టిన తడిని కూడా ఊడ్చేస్తోంది. చూడాలనుకున్న ప్రతిసారీ, చూడాల్సినదాన్ని నేనే ఆరబెడుతున్నాను.

వాల్వ్ వదిలేశాను. గంట గడిచింది. స్క్రీన్ మీద తెల్లటి మసక తప్ప ఏమీ లేదు. దాని వెనక కూడా ఏమీ లేకపోతే రేపటితో ఆఖరు. చెయ్యి ఊరుకోవడం లేదు. ఉజ్వల నా ఒళ్ళో పులిహోర గిన్నె పెట్టింది. "గిది వట్టుకో. రెండు చేతుల్తోని."

మెల్లగా మంచు గోడలకి పట్టి, మసక పలచబడింది. రవ్వలు కనబడ్డాయి. మెరుపు లేదు. మూలలు గుండ్రబడ్డాయి. మా ఊళ్ళో మంచు కురిసిన తెల్లారి, ఉప్పు పండించే కొఠారు గట్టున రాలిన ఉప్పు అచ్చం అలాగే ఉండేది. బడికి ఆ గట్టు మీదుగానే పోయేదాన్ని. మామూలు రోజుల్లో చెప్పు కింద కరకరమనే ఉప్పు, ఆ పొద్దున మాత్రం చప్పుడు చేసేది కాదు. ఇంత దూరం వచ్చి, ఇంకో గ్రహం చలిలో దాన్ని మళ్ళీ చూస్తానని అనుకోలేదు.

రెండు రవ్వలు ఒకదానివైపు ఒకటి జారాయి. ఒకే బొట్టయ్యాయి.

"అరె, కలిసినయే!" అంది ఉజ్వల గుసగుసగా, గట్టిగా అంటే విడిపోతాయేమోనన్నట్టు.

ప్రొఫెసర్ కాఫీ కప్పుతో లోపలికి వచ్చారు. ఆయనకి కుర్చీ జరిపాం. చాలాసేపు చూశారు. కాఫీ చల్లారిపోయింది.

"సోమవారం ఇదే మళ్ళీ చేసి చూపించు," అన్నారు. శుక్రవారం మాట ఎత్తలేదు.