ఇస్త్రీ పెద్దమ్మ నవ్వు

కోడిగుడ్డు మీద ఈకలు పీకడానికి జీతమిచ్చేవాళ్ళుంటారా అంటే, ఉన్నారు. ఆ చొక్కాల కంపెనీలో చెకింగ్ మాస్టారి పని అదే. ప్రతి చొక్కానీ వెలుతురుకు ఎత్తిపట్టి వంకర కుట్టు, వదులు గుండీ వెతకాలి. ఆయన రబ్బరు చెప్పులేసుకుని పిల్లిలా నడిచేవాడు. ఎప్పుడొచ్చి వెనక నిలబడతాడో ఎవరికీ తెలిసేది కాదు. అలా వెళితేనే తప్పులు దొరుకుతాయని ఆయన నమ్మకం.

శుక్రవారంతో ఇస్త్రీ పెద్దమ్మ పని మానేస్తోంది. ఇరవై ఏళ్ళ సర్వీసు. ఆవిడ నవ్వుతున్న ఫోటో ఒకటి ఫ్రేము కట్టించి ఇద్దామని మిషన్ల మీది అమ్మాయిలు అనుకున్నారు. కొత్త ఫోను కొన్న మురిపెంలో ఉన్న మాస్టారు, ఫోటో నేను తీస్తానని ముందుకొచ్చాడు.

"అయినా ఆవిడ నవ్వగా నేనెప్పుడూ చూళ్ళేదే!" అన్నాడు.

అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

రెండు రోజులు తిప్పలు పడ్డాడు. ఫోను ఎత్తడం ఆలస్యం, పెద్దమ్మ బిగుసుకుపోయి పాస్‌పోర్టు ఫోటో మొహం పెట్టేది. ఇంట్లో కూతుర్ని సలహా అడిగాడు.

"రెడీ అనకు నాన్నా. ఫోను మొహం మీద పెట్టకు. వాళ్ళ పనిలో వాళ్ళుండాలి, నువ్వున్న సంగతే మర్చిపోవాలి. అప్పుడు వరసగా నొక్కుతూ పో. ఇరవైలో ఒకటి బాగొస్తుంది."

"నేనున్నానని మర్చిపోవడమా? అది జరిగే పని కాదు," అన్నాడు మాస్టారు, కాస్త గర్వంగానే.

అందుకని గురువారం పొద్దున దారపు కండెల అరలో ఫోను నిలబెట్టి, వీడియో ఆన్ చేసి, బయటికి జారుకున్నాడు. అందులోంచి మంచి బొమ్మ ఒకటి ఏరుకోవచ్చని ఆయన ఎత్తు. ఎవరినీ అడగలేదు. పావుగంట తర్వాత వెళ్ళి ఫోను తెచ్చుకుని, మెట్ల మీద కూర్చుని చూశాడు.

పెద్దమ్మ నవ్వుతోంది. అలాంటిలాంటి నవ్వు కాదు, పొట్ట పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ. ఒక చొక్కా పైకెత్తి, కళ్ళు చికిలించి, "ఇది కుట్టా, చీమల బారా?" అంటోంది. అచ్చం మాస్టారి గొంతే. మాస్టారికి ముందు చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత తనకే నవ్వొచ్చింది. ఆ మాట తను రోజూ అనేదే మరి.

నవ్వు ఆగకుండానే పెద్దమ్మ మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంది. ఆవిడ వెనక తలుపు తెరుచుకుంది. అమ్మాయిల మొహాల్లో నవ్వు ఒక్కొక్కటిగా ఆరిపోయింది. పెద్దమ్మ తిరిగి చూసి ఉలిక్కిపడింది. కాలుతున్న పెట్టె మణికట్టుకు తగిలింది. పెదవి కొరుక్కుని, ఆ చెయ్యి వెనక్కి దాచుకుంది.

ఫోను కోసం లోపలికొచ్చిన మాస్టారు వీడియోలో గబగబా బల్ల దగ్గరికొచ్చాడు.

"చొక్కా మాడలేదు కదా?"

మెట్ల మీద ఉన్న మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఫోనులోని మనిషి చొక్కాని కాలరు నుంచి అంచు దాకా తిప్పితిప్పి చూశాడు. చెయ్యి వైపు ఒక్కసారీ చూడలేదు. పోగంత లోపాన్ని పట్టేసే కళ్ళవి!

భోజనాల వేళ కాలినదానికి రాసే మందు కొనుక్కుని పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాడు. అడక్కుండా వీడియో తీశానని ఒప్పుకుని, అంతా చూపించాడు.

"తప్పయిపోయింది మాస్టారూ, ఏదో సరదాకి అలా..." అంటూ పెద్దమ్మ లేచి నిలబడింది.

"తప్పు నాది. చెయ్యి చూపించు పెద్దమ్మా."

చూపించింది. కొత్త బొబ్బ చుట్టూ పాత మచ్చలు, లెక్కలేనన్ని.

"ఇవన్నీ నా వల్లేనా?"

"అన్నీ కాదులెండి," అంది ఆవిడ మర్యాదగా. "ఆ వీడియోలో నేను నవ్విన దాకా ఉంచండి. తర్వాతది తీసేయండి."

శుక్రవారం ఫ్రేము చంకలో పెట్టుకుని మాస్టారు తలుపు దాకా వచ్చాడు. లోపల నవ్వులు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆయన ఆ తలుపు తట్టాడు.

నవ్వులు ఆగిపోయాయి.

"రండి మాస్టారూ," అంది పెద్దమ్మ లోపలినుంచి. "ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాను."