బల్లల మీదే వదిలేయండి

మా అక్క మొగుడు పురపాలక సంఘంలో సభ్యుడు. ఇంట్లో నోరు మెదపడు గానీ మైకు దొరికితే వదలడు. గ్రంథాలయం గురించి ఊరివాళ్లందరినీ పిలిచి పెట్టిన సభలోనూ అంతే. గ్రంథాలయం పై అంతస్తులోని పుస్తకాలన్నీ గోదాముకు పంపి, ఆ హాల్లో కంప్యూటర్లు పెడదామన్నాడు. ఏడాదిలో అక్కడినుంచి జనం ఇంటికి తీసుకెళ్లినవి నలభై ఒక్క పుస్తకాలేనట. కుర్రకారు చప్పట్లు కొట్టింది, పెద్దవాళ్లు గొడవకు దిగారు. ఇరవై రెండేళ్లుగా ఆ హాలు చూసుకుంటున్న లైబ్రేరియన్ని నేను. అగ్గి మీద గుగ్గిలమయ్యాను.

ఇంటికెళ్లిన పుస్తకమే రికార్డుకెక్కుతుంది. అక్కడే కూర్చుని చదివినదాని సంగతి ఎవరు రాస్తారు? బల్లల మీద వదిలేసినవన్నీ రోజూ సాయంత్రం నేనే సర్దేస్తాను. బల్లలు అద్దంలా ఉండాలని నా పంతం. కంచే చేను మేసినట్టు, జనం చదివిన ఆనవాళ్లన్నీ తుడిచేసింది నేనే.

లేచి వారం గడువు అడిగాను. వచ్చే సభ ఆ హాల్లోనే పెట్టమన్నాను.

"వారంలో ఏం చేస్తావు మరదలా?" అన్నాడు బావ నవ్వుతూ.

"ఏం చెయ్యను బావా. సర్దడం మానేస్తాను."

మొదటి రోజు చేతులు ఊరుకోలేదు. మూడో రోజుకి బల్లలు నిండాయి. కుట్టుమిషన్ల మరమ్మతు, పోటీ పరీక్షలవి, పసిపిల్లల జబ్బులు, ఒక రిటైరైన డ్రైవరు రోజూ తిప్పే అట్లాసులు. ఏడో రోజుకి మోచెయ్యి ఆనించే చోటు లేదు. లెక్కపెడితే ఆరు వందల పన్నెండు.

లెక్కపెడుతుంటేనే ఇంకోటీ తెలిసింది. నేను ఒక్కొక్కటీ ఏరి తెచ్చుకున్న కవిత్వం బీరువాలోంచి ఒక్కటీ బల్ల ఎక్కలేదు. ఆ నలభై ఒక్కటిలోనూ లేదు. సభకింకా గంట ఉంది, హాల్లో ఎవరూ లేరు. రెండు పుస్తకాలు తీసి బల్ల దాకా వెళ్లాను. మళ్లీ తెచ్చి లోపల పెట్టేశాను.

సభలో బావ బల్లల మధ్య రెండుసార్లు తిరిగాడు. కూర్చోవడానికి ఒక దొంతర పక్కకు జరపబోతే, మొన్న చప్పట్లు కొట్టిన కుర్రవాడే అది తను చదువుతున్నదని ఆపాడు. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వి, హాలు జోలికి రానని ఒప్పేసుకున్నాడు. కానీ కంప్యూటర్లకూ చోటు కావాలి కదా అన్నాడు. ఆ మాటా నిజమే.

"కవిత్వం బీరువా తీసేయండి. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆ గోడవార నాలుగు పడతాయి," అన్నాను.

సభ ముగిశాక బావ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నీ ప్రాణమంతా ఆ బీరువాలోనే కదా. రెండు నువ్వే తీసి బల్ల మీద పెడితే ఎవరికి తెలిసేది?"

"రెండు నేను పెడితే, మిగతా ఆరు వందలూ జనం చదివినవేనని ఏ మొహం పెట్టుకుని చెప్పను బావా?"

సోమవారం బీరువా కిందికి దించారు. నాకు ఏడుపు ఆగలేదు. అయినా ఒకవైపు నేనే పట్టుకున్నాను.