డ్యూటీ బూట్లు

లింగవ్వను చంపింది ఎండ కాదు, రాయమల్లు నవ్వు. కొమురెల్లికి ఇందులో అనుమానం లేదు. తన కాలనీవాడే అయినా, ఏడాది నుంచి రాయమల్లు ఎదురైతే తల తిప్పుకుంటాడు. వాడు కూర్చునే హోటల్లో చాయ్ మానేశాడు.

కొమురెల్లి ముప్పై నాలుగేళ్ళు బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైనవాడు. ఆ రోజుల్లో అతను షిఫ్టు నుంచి క్షేమంగా ఇంటికి రానిదే భార్య లింగవ్వ ముద్ద ముట్టేది కాదు. సెంటినరీ కాలనీలో చాలామంది ఆడవాళ్ళది అదే పద్ధతి. తర్వాత ఆమెకు మతిమరుపు జబ్బు వచ్చింది. ఊరి పేరు పోయింది, వారాలు పోయాయి, కూతురి పేరు కూడా పోయింది. ఆ పద్ధతి ఒక్కటే పోలేదు.

మొగుడు ఎదురుగా మంచం మీద కూర్చునే ఉంటే, అతన్ని మామగారనుకుని, కొంగు తలమీదికి లాక్కుని అనేది: "మామా, మీ కొడుకు ఇంక డ్యూటీ దిగలే. ఆయన రాంది నేనెట్ల తింట?"

"నేనే నీ మొగణ్ణి! రిటైరై ఆరేండ్లాయె. తిను!"

"పెద్దమనిషివి, గట్ల అనొచ్చునా మామా?" అని పళ్ళెం జరిపేసేది.

కూతురు దీప తండ్రిని ఫోన్‌లో ఒక గ్రూపులో చేర్చింది. ఇలాంటి జబ్బు మనుషుల్ని ఇంట్లో చూసుకునేవాళ్ళంతా అందులో ఉంటారు. నడిపేది చంద్రమతి. కోస్తా నుంచి వచ్చి రామగుండంలో స్థిరపడిన ఇంజనీరు గారి భార్య. కొమురెల్లికి ఆమె 'అండీ'లు గిట్టలేదు. అయినా రెండు రోజులు లింగవ్వ పస్తుండేసరికి ఫోన్‌లో నోరు విప్పి అడిగాడు.

చంద్రమతి గొంతు వచ్చింది. "కొమురెల్లి గారూ, మావారు ఇంకా ఆఫీసులోనే ఉన్నాననుకుంటారండి. రోజూ పాత కాగితాలు ముందు పెడతాను. సంతకాలు చేశాకే భోంచేస్తారు. ఆవిడతో వాదించకండి. మీరు డ్యూటీ నుంచి రావాలి, అంతేగా? వచ్చేయండి."

"ఆఫీసర్ల ఇండ్లల్ల నాటకాలు," అని కొమురెల్లి ఫోను మంచం మీద పడేశాడు. కానీ మర్నాడు బాయి సైరన్ మోగగానే పాత బూట్లు తొడిగాడు, టోపీ పెట్టాడు. వెనక నుంచి బయటికి పోయి, సందు చుట్టి, ముందు దర్వాజలోంచి లోపలికొచ్చాడు.

లింగవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చింది. "గింత లేటయింది, ఓటీ పడ్డదా?"

"ఆ, పడ్డది."

"జల్ది కాళ్ళు కడుక్కోపో. ఆకలి సంపుతున్నది."

ఆ రోజు ఆమె మారు వడ్డించుకుని తిన్నది.

ఐదు రోజులు అట్లా గడిచింది. ఆరో రోజు సందు మలుపులో రాయమల్లు ఎదురయ్యాడు, పక్కన ఇద్దరు.

"ఏందిరా కొమురెల్లీ, మళ్ల నౌకరిచ్చిండ్రా? ఏ బాయి? వంటింటి బాయేనా?"

ముగ్గురూ నవ్వారు. కొమురెల్లి వెనక దారినే ఇంట్లోకొచ్చి, బూట్లు విప్పి మంచం కిందికి తోశాడు.

"నాయినా, అవి ఏసుకుంటేనే అవ్వ తింటున్నది గదనే," అంది దీప.

"నేను కోతినా, ఆడుకుంట తిరుగుటానికి?"

గ్రూపు మోగకుండా చేశాడు. దీప పొద్దునా మాపునా బతిమాలి నాలుగు చెంచాల జావ తాగించేది. పదకొండు రోజులు.

పన్నెండో రోజు దీప ఎప్పటిలాగే తన నౌకరికి పోయింది. మే నెల ఎండ. కొమురెల్లి కునుకు తీస్తుండగా లింగవ్వ అన్నం డబ్బా సర్దుకుని బాయి గేటు దగ్గరికి నడిచిపోయింది. వాచ్‌మన్ నీడకు రమ్మంటే రాలేదట. "ఆయన పైకొస్తే నేను కనవడాలె," అన్నదట. వడదెబ్బకు అక్కడే పడిపోయి, దవాఖానలో మూడో రోజు పోయింది. డబ్బా మూత తీస్తే ఇద్దరికి సరిపడా అన్నం, పులిసిపోయి ఉంది.

మొన్న దీప ఆ గ్రూపు తెరిచి ఫోను తండ్రి చేతికిచ్చింది. చంద్రమతి మాట: "కొమురెల్లి గారూ, గోలేటి నుంచి సదయ్య గారు చేరారు. వాళ్ళావిడదీ ఇదే బాధ. నేను చెబితే ఆయనకు ఎక్కట్లేదండి. మీ మాటలో మీరు చెబితే వింటారేమో."

దాని కింద సదయ్య గొంతు: "అన్నా, ముసలితనంల ఏషమేసుకొని బజార్ల తిరుగుమంటున్నది ఆ మేడం. నలుగురు నవ్వరానే?"

కొమురెల్లి దాన్ని మూడుసార్లు విన్నాడు. రాయమల్లు నవ్వింది ఒక్క పూట. బూట్లను మంచం కిందికి తోసింది రాయమల్లు కాదు. పదకొండు రోజులు వాటిని అక్కడే ఉంచిందీ రాయమల్లు కాదు.

ఫోన్‌లో మైకు మీట నొక్కి పట్టుకున్నాడు. "తమ్మీ, నవ్వుతరు. నవ్వనియ్. బూట్లేసుకొని ముందు దర్వాజల నుంచి రా. తింటది. లింగవ్వ ఐదు రోజులు తిన్నది. ఆరోనాడు నేనే బూట్లిడిసిన. నాకోసం ఎండల కూసుండి సచ్చిపోయింది."

వెంటనే సదయ్య అడిగాడు: "తినబట్టినంక ఎందుకిడిసినవే అన్నా?"

కొమురెల్లి ఫోను దీపకిచ్చేశాడు. "నా పేరు తీసెయ్."

"ఆయన అడుగుతున్నడు గద నాయినా, ఒక్క మాట చెప్పరాదే."

"చెప్పేది చెప్పిన. సచ్చేదాక ఇగ ఆ ముచ్చట నా నోట రాదు. నువ్వు గూడ అడగకు."