మేపుల్ వీధిలో మొదటి వంతు

సాయంత్రం నాలుగున్నరకి ఆర్డిస్ టీచరు ఫోన్ చేసింది.

"ఒరేయ్ వెర్లిన్, నీకు పని ఉంటే తర్వాతే చూద్దువుగాని. నా ఆక్సిజన్ మిషన్ కూస్తోందిరా."

మూడో తరగతిలో నాకు ఎక్కాలు నేర్పిన మనిషి. డెబ్బై తొమ్మిదేళ్లు. ఊపిరితిత్తులు మొరాయించి ఏడాదైంది. ముక్కుకి గొట్టం, గొట్టానికి మిషన్, మిషన్‌కి కరెంటు, కరెంటుకి నేను. అదీ వరస.

మాది మిన్నెసోటా ఉత్తరాన నాలుగొందల గడపల ఊరు. కరెంటు ఊరిదే, ఏ కంపెనీదీ కాదు. దాన్ని చూసుకునే లైటు శాఖకి నేను పెద్దని. పేరులోనే లైటు ఉంది కనక జనం నన్ను లైట్ తీసుకుంటారు. పోయిన వేసవిలో బిల్లుతోపాటు ఇంటింటికీ ఒక కాగితం పంపాను. "మీకు కరెంటు కారుందా? కొనబోతున్నారా? ఇంట్లో చార్జర్ పెట్టించుకుంటే ముందుగా మాకు చెప్పండి." నాలుగొందల పన్నెండు వెళ్లాయి, ఏడు తిరిగొచ్చాయి. వాటిలో మూడు, మంచు తోసే బండి తమ టపా డబ్బాని గుద్దేసిందని ఫిర్యాదులు. మేపుల్ వీధి నుంచి ఒక్కటీ లేదు. కాగితాలు రాలేదు కాబట్టి కార్లూ లేవనుకున్నాను. నా చేతిలో విద్యుత్తుంది గానీ విద్వత్తుకి ఎప్పుడూ కోతే.

"ఎప్పటినుంచి కూస్తోంది టీచరుగారూ?"

"మధ్యాహ్నం నుంచి. నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకులే అని..."

అదిగో, మా ఊరి జబ్బు. చర్చిలో కాఫీ వేళ ప్లేటులో ఆఖరి నిమ్మ బిళ్ల, అదే నిమ్మకాయ మిఠాయి, మిగిలితే ఎవరూ తీసుకోరు. ఒకరు సగం కోసుకుంటారు, ఇంకొకరు సగంలో సగం. గంట పోయాక చూస్తే గోరంత ముక్క ప్లేటు మధ్యలో దిక్కులు చూస్తూ ఉంటుంది. ఇబ్బంది పెట్టకూడదు, ముందు పడకూడదు, గొప్ప చెప్పుకోకూడదు. ఈ మూడూ తల్లిపాలతో తాగుతాం.

బండేసుకుని వెళ్లాను. సున్నాకు కింద ముప్పై డిగ్రీలు, పైన గాలి. మంచు లేచి కొడుతోందని హైవే మూసేశారు. ఆసుపత్రి నలభై మైళ్లు. టీచరు మంచం పక్కన అత్యవసరానికి ఒక ఇనప సిలిండరుంది, నాలుగు గంటలకి సరిపోతుంది. గోడ సాకెట్లో నా మీటరు పెట్టి చూశాను. నూట ఇరవై ఉండాల్సిన వోల్టులు నూట మూడున్నాయి. నా గుండె మాత్రం నూట ఇరవై దాటింది.

బయటికొచ్చి స్తంభం కింద స్తంభించిపోయాను. పైన ట్రాన్స్‌ఫార్మర్ మోత మామూలు మోత కాదు, బరువెత్తలేనివాడు పళ్లు బిగించినప్పటి మూలుగు. నేను స్కూల్లో ఉన్నప్పుడు ఆరిళ్ల కోసం బిగించిన డ్రమ్ము అది. చలి దానికి మంచిదే, ఒళ్లు చల్లబరుస్తుంది. లేకపోతే ఈపాటికి పేలేదేమో. అది పోతే ఆరిళ్లలోనూ హీటర్ల ఫ్యాన్లు ఆగుతాయి, టీచరు మిషన్ ఆగుతుంది.

మార్చడానికి ఇంకోటి లేదు. మొన్నటిదాకా ఒకటుండేది. అక్టోబరులో లైబ్రరీ ముందు ఊరందరికీ చార్జింగ్ కేంద్రం పెట్టినప్పుడు, మూలన పడుందిగదా అని ఊరికే ఊరికి ఇచ్చేశాను. రిబ్బను కత్తిరించారు, నేను మైకులో జోకులేశాను. కొత్తది ఆర్డరు పెడితే ఏడాది పైన పడుతుందన్నారు. పోనీ దాన్నే విప్పుకొద్దామంటే ఈ చలికి స్తంభం ఎక్కించే బకెట్ బండిలో నూనె బెల్లప్పాకంలా గడ్డకట్టింది, ఈ గాలిలో మనిషిని పైకి పంపకూడదు.

ఇళ్ల కరెంటు ఒక్కోటీ తీసేద్దామా అంటే, ఈ చలిలో అది హత్యే. ఇక మిగిలింది తలుపు కొట్టి, చెప్పకుండా చార్జర్ పెట్టిందెవరో కనుక్కోవడం.

మొదట గెయిలెన్. నాతో హాకీ ఆడినవాడు.

"గెయిలెన్, మీ ఇంట్లో కార్ చార్జరేమైనా పెట్టావా?"

"చార్జరా? నేనా?" అని గుమ్మానికి అడ్డంగా జరిగాడు. "మనకంత సీనెక్కడిది రా? లోపలికి రా, కాఫీ తాగు."

"వద్దులే. నిజం చెప్పు."

"నిజంగానే కాఫీ ఉందిరా."

పక్కిల్లు లవోన్. నర్సు, చర్చిలో వంటల జాబితా పట్టుకు తిరిగే మనిషి. "ఏమో వెర్లిన్, అలాంటివి కొనేవాళ్లు వేరే ఉంటార్లే" అంది నా బూట్లకేసి చూస్తూ. పాస్టరుగారు వాతావరణం గురించి మాట్లాడారు. ఆస్ట్‌బీ దంపతులు తలుపు తీశారు, నవ్వారు, నాలుగు బిస్కెట్లు చేతిలో పెట్టి తలుపేశారు. టీచరిల్లు కలుపుకుంటే ఆరోది కెర్విన్‌ది. లారీ నడుపుతాడు. డీజిల్ తప్ప వేరేది తాకడు.

గొప్పవాళ్లు కారు, గొప్ప కారు ఉన్నట్టు ఒప్పుకునేవాళ్లూ కారు. ఐదున్నరైంది. పైన మూలుగు పెరిగింది. వీధి దీపం పసుపు నుంచి ఎర్రగా మారింది. బిస్కెట్లు పట్టుకుని వీధి మధ్యలో నిలబడ్డాను.

అప్పుడు కెర్విన్ లారీ కనబడింది. దాని ముక్కులోంచి నారింజ రంగు వైరు వేలాడి, గోడ సాకెట్లోకి వెళ్తోంది. మా దగ్గర ఇంజను గడ్డకట్టకుండా ప్రతి బండినీ చలికాలమంతా అలా వైరుకి తగిలిస్తాం. నాకు నడకొచ్చినప్పటినుంచి చూస్తున్న వైరు కనక ఎప్పుడూ చూడలేదు. ఇవాళ చూశాను.

గెయిలెన్ వైరు చుట్ట చుట్టి మేకుకే ఉంది, దాని మీద అడుగు మంచు. లవోన్‌ది మంచులో పూర్తిగా కూరుకుపోయింది. పాస్టరుగారి సాకెట్ మూత తెరవనేలేదు. ఆస్ట్‌బీలకి వైరే లేదు. ఇంజను లేని బండికి వెచ్చబెట్టే వైరు దేనికి?

మళ్లీ గెయిలెన్ తలుపు బాదాను.

"నీ వైరు నవంబరు నుంచి మంచు కిందుంది. బండి ఎలా స్టార్టవుతోందిరా? ప్రార్థనతోనా?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. "గట్టిగా అరవకు. వీధంతా వింటుంది."

"వీధంతా కొంది! నీతో కలిపి నాలుగు. టీచరు మిషన్ ఆగేలా ఉంది. ముందెళ్లి ప్లగ్గు లాగు."

మొహం తెల్లబోయింది. "టీచరుదా? ముందే చెప్పొచ్చుగా!" అని చెప్పుల్లోనే గ్యారేజీకి పరిగెత్తాడు.

పావుగంటలో నలుగురూ పీకేశారు. ఒకరి గ్యారేజీలోకి ఒకరు తొంగి చూసుకుని, "నీకూనా!" "నువ్వూనా!" అని నవ్వుకుంటున్నారు కూడా. వీధి దీపం వెలుగు పుంజుకుంది. అమ్మయ్య అనుకుంటూ టీచరింటికి వెళ్లాను. వెనకే నలుగురూ వచ్చారు, లవోన్ చేతిలో హాట్‌డిష్ గిన్నెతో, ఓవెన్‌లోంచి దించిన వేడి వంటకం.

లోపల మిషన్ ఇంకా కూస్తోంది.

మీటరు పెట్టాను. నూట ఏడు. వీధంతా బాగున్నప్పుడు ఈ ఒక్క ఇల్లే ఎందుకు కుంటుతోంది? స్తంభం నుంచి టీచరింటికి వచ్చే తీగ మా నాన్న కాలం నాటి సన్న తీగ. దాని మీద ఏదో పెద్ద బరువే పడుతోంది. బయట ఆవిడ పాత బ్యూక్ కారుకి వైరు శుభ్రంగా తగిలించే ఉంది. కాని టైర్ల చుట్టూ మంచు మీద ఒక్క గీతా లేదు.

"టీచరుగారూ, గ్యారేజీలో ఏముంది?"

"చర్చి సంతకి ఇవ్వాల్సిన పాత సామాన్లు రా."

"చూడనా?"

ఆవిడ గొట్టం సర్దుకుంది. పెదాల చివర నీలం రంగు దిగుతోంది. "చిన్నదేరా," అంది చివరికి. "ప్రతి వారం ఆసుపత్రికి తీసుకెళ్లమని వీళ్లని అడగలేక కొన్నాను. బ్యూక్ బయట ఉంచితే ఎవరూ ఏమీ అనుకోరని. నా ఊపిరి నేనే లాగేసుకుంటున్నానా, వెర్లిన్?"

జోకు రాలేదు. యాభై నాలుగేళ్లలో మొదటిసారి నోట్లో ఒక్కటీ లేదు. గ్యారేజీకి పరిగెత్తి ప్లగ్గు లాగాను. తిరిగొచ్చేసరికి కూత ఆగింది. గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే హాట్‌డిష్ చల్లారుతున్న చప్పుడు వినబడింది.

కాని కార్లు కావాలి. ఇంత చలిలో బ్యాటరీలు నిలవవు. పొద్దున హైవే తీయగానే లవోన్ డ్యూటీకి వెళ్లాలి, టీచరు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. "వంతులేసుకుందాం," అన్నాను. "ఒకేసారి ఒక్క కారే. ఏడు నుంచి తొమ్మిది ఒకరు, తొమ్మిది నుంచి పదకొండు ఒకరు, అలా తెల్లవారుజాము ఐదు దాకా." లవోన్ చర్చి జాబితా అట్ట తీసింది, గడులు గీసింది, పెన్సిలు కట్టింది. నా కాగితాన్ని ఎవరూ పట్టించుకోలేదు గానీ, ఈ ఊళ్లో ఆ అట్ట చేతికొస్తే పేరు రాయకుండా వదిలినవాడు పుట్టలేదు. అట్ట చేతులు మారింది.

నా దగ్గరికి తిరిగొచ్చింది. చూశాను. మొదటి గడి ఖాళీ. రెండోది ఖాళీ. మూడు, నాలుగు ఖాళీ. ఆఖరి గడిలో, మూడు నుంచి ఐదులో, ఐదు పేర్లూ ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని ఉన్నాయి.

"ఏమిటిది?"

"మిగతావాళ్లు ముందు కానివ్వనీ," అన్నాడు గెయిలెన్.

"నాకేం తొందర?" అన్నారు పాస్టరుగారు.

"మూడింటికి ఐదూ కలిసి తగిలిస్తే ఆ డ్రమ్ము పేలి చస్తుంది! అప్పుడు ఈవిడకి మిగిలేది ఆ సిలిండరే, నాలుగు గంటలు! నిమ్మ బిళ్ల కాదు ఇది!" అని అరిచాను. నేను అరవడం వాళ్లకి కొత్త కాదు. నవ్వించకుండా అరవడం కొత్త.

ఎవరూ కదల్లేదు. అందరూ అట్టకేసి చూస్తున్నారు. మొదటి గడిలో పేరు రాయడమంటే ముందు నేను అనడం. ఆ మాట ఆ గదిలో ఎవరికీ నోరు తిరగదు. గోడ గడియారం ఆరు యాభై చూపిస్తోంది.

"ఇటివ్వు," అంది టీచరు.

ఆఖరి గడిలో తన పేరు రబ్బరుతో చెరిపేసింది, కాగితం చిరిగేంత గట్టిగా. మొదటి గడిలో, మూడో తరగతి బోర్డు మీద రాసినంత గుండ్రంగా, ఆర్డిస్ అని రాసింది. తలెత్తలేదు.

"నాకు ముందు కావాలి," అంది. చెంపలు ఎర్రబడ్డాయి. "రాయండి మిగతావాళ్లు. గెయిలెన్, నువ్వు రెండు. దిక్కులు చూడకు."

గెయిలెన్ రాశాడు. తర్వాత ఒక్కొక్కరూ.

ఏడింటికి ఆవిడ చార్జర్ వేగం సగానికి తగ్గించి ప్లగ్గు పెట్టాను. మిషన్ ఒక్కసారి కూసింది. అందరం మిషన్ వైపు వంగాం. మళ్లీ కూయలేదు. మీటరు నూట పద్నాలుగు దగ్గర నిలబడింది.

బయటికెళ్లి స్తంభానికి చెయ్యి ఆనించాను. చేతి తొడుగులోంచి కూడా సన్నగా వణుకు తెలుస్తోంది. డ్రమ్ముదో నాదో. తొమ్మిదికి గెయిలెన్. ఆ తర్వాత ఇంకా ముగ్గురు. చెయ్యి తీయకుండా అక్కడే నిలబడి పైన మోత వింటున్నాను.