మొలవని ఆరు కుండీలు

మట్టికి ఎంత తడి చాలునో చెప్పవలసింది మట్టా, మనిషా? పొద్దున ఆరింటికి కుండీని కాటా మీద పెడుతూ చెంచయ్య తనను తాను ప్రశ్నించుకునేది ఇదే. ఇరవై ఆరేళ్లుగా అడుగుతున్నాడు. జవాబు దొరికిందని ఏనాడూ అనుకోలేదు.

హైవే మీద చిలకలూరిపేట మిల్లులకు పత్తి లారీలు పోతున్నాయి. ఆ పక్కనే ఉన్న చిన్న పరిశోధన క్షేత్రంలో అతడు రోజుకూలీ. నలభై కుండీలను తూచి, ఆవిరైనంత నీటిని కొలిచి తిరిగి పోయడం అతడి పని. కొన్నింటికి సగం తడి, కొన్నింటికి సరైన పదును, చివరి ఆరింటికి నీరు నిలిచేంత. అన్నింటిలోనూ ఒకే కొత్త రకం నువ్వు. ఆ ఆరింటిలోనూ గింజ మొలిస్తే, ముంపును తట్టుకునే విత్తనమని రైతులకు ఇస్తారు.

చెంచయ్య పొట్టి మనిషి. కుడి బొటనవేలి గోరు కింద నల్లరేగడి ఇంకిపోయి ఇక కడిగినా రాదు. తూకం సరిపోయాక కూడా చిటికెడు మట్టి తీసి వేళ్ల మధ్య నలిపి చూస్తాడు.

నిన్న మధ్యాహ్నం దాకా ఆ ఆరు కుండీలు మొలక లేక ఖాళీ. ఇవాళ ఒక్కొక్కదాంట్లో అయిదేసి మొక్కలున్నాయి. ఎండ ఎక్కేసరికి తలలు వాల్చాయి. ఒకటి పీకి చూశాడు. వేరు తెల్లగా ఉంది. బురదలో పుట్టిన వేరు అంత తెల్లగా ఉండదు.

"కోటేశ్వరీ, వీటి మీద చెయ్యి పెట్టావా?"

కలుపు తీస్తున్న కోటేశ్వరి తలెత్తింది. ఆమె ఈ పనిలో చేరి నెల కాలేదు.

"మొలకరాని పోగుంటలు బోసిగా ఉన్నయ్ గదా బాబాయ్. పక్క కుండీల్లో పలచన చేసి పారేసిన మొక్కలు తెచ్చి నాటా. మా అత్త చేలో అట్టా ఖాళీ వదిలితే అన్నం పెట్టేది కాదు."

"ఇది మీ అత్త చేను కాదే."

"పోనీలే, మీ అత్తదనుకో," అని నవ్వింది. అతడు నవ్వలేదు. ఆమె కొడవలి కింద పెట్టింది. "తప్పయిందా బాబాయ్?"

"నీది కాదులే."

ఆమె చేసింది రైతు ధర్మం. చేలో మొక్క చచ్చిన చోట మరో మొక్క నాటాలి. ఇక్కడ మాత్రం చచ్చిన చోటును చచ్చినట్టే ఉంచాలి. ముంపులో గింజ కుళ్లితే రైతుకు ఏమవుతుందో తనకు తెలియడానికి ఒక చేను ఖర్చయింది. పెళ్లయిన కొత్తలో కౌలుకు తీసుకున్న రెండెకరాల్లో నువ్వు చల్లి, వాన మీద నమ్మకం లేక, మొలక రాకముందే కాలువ నీరు పెట్టాడు. పైన పెచ్చు కట్టింది, కింద గింజ కుళ్లింది. ఆశ కూడా ముంపేనని ఆ ఏడు తెలిసింది. తరవాత సొంతంగా విత్తే అవకాశం రాలేదు.

క్షేత్రం బాధ్యత చూసే యువ అధికారి ప్రేమ్‌చంద్ పదింటికి వచ్చాడు. చెంచయ్య జరిగింది చెప్పాడు.

"మధ్యాహ్నం విత్తనం ఖాయం చేసే కమిటీ వస్తోంది చెంచయ్యా. మళ్లీ ట్రయల్ పెట్టే టైమ్ లేదు. ఉన్నవాటికి కౌంట్ చెప్పు."

"అవి మొలిచినవి కావండి. నాటినవి."

"ఎవరికి తెలుస్తుంది?"

"చేలో చల్లుకున్నోడికి తెలుస్తుందండి. పదిరోజుల్లో తెలుస్తుంది."

ప్రేమ్‌చంద్ గొంతు తగ్గించాడు. "వచ్చే ఏడాది కూలీల లిస్టు నేనే రాసేది. నీ వయసుకి బయట పనెవరిస్తారయ్యా?"

నిజమే. ఎవరూ ఇవ్వరు. చెంచయ్య ఆ మాటను మట్టిని చూసినట్టే చూశాడు, నలిపి. అందులో తడి ఎంతో తెలిసింది. వంగి మొదటి కుండీలోని అయిదు మొక్కలూ పీకాడు. రెండోదానివీ పీకాడు.

"ఆగు. ఆగమంటున్నానా? రేపట్నుంచి పనిలోకి రావద్దు."

"అట్టాగేనండి," అని మూడో కుండీ మీదికి వంగాడు. ఆరూ ఖాళీ అయ్యేదాకా నడుము ఎత్తలేదు. "కోటేశ్వరి మీద రాయబాకండి. పీకింది నేను. మొలవలేదని రాయండి."

తువ్వాలు దులిపి భుజాన వేసుకుని గేటు దాటాడు. 

ఆఖరి కుండీలో అతడి రెండు వేళ్లు దిగిన గుంటలు అలాగే ఉన్నాయి. వాటిలోకి నీరు మెల్లగా ఊరుతోంది.