నిచ్చెన మేస్త్రి బొమ్మ నేర్చిన వారం

ఆరడుగుల రెండంగుళాల ఆ వడ్రంగిని వీధిలో అందరూ నిచ్చెన మేస్త్రి అంటారు. ముప్పై ఏళ్లుగా కాగితం ముట్టకుండా, కంటితో అంచనా కట్టి చేత్తో కోసి బతికిన మనిషి. అలాంటివాడికి వచ్చిపడింది చూడండి ఖర్మ! కొత్త ఆసుపత్రి డాక్టరమ్మ, ముందు గదిలో కౌంటరు ఎలా ఉంటుందో బొమ్మ గీసి సోమవారానికల్లా చూపించమంది. అవతలి షాపువాళ్లు కంప్యూటరు బొమ్మ తెస్తున్నారట. ఈ పని చేజారితే దుకాణానికి తాళం వేసి బావమరిది కింద పనికి చేరాల్సిందే. అంతకన్నా బొమ్మలు నేర్చుకోవడమే మేలని, బళ్లో డ్రాయింగు చెప్పే కూతురి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

మొదటి రోజే పేచీ. కూతురు ఒక బల్ల గీసి చూపించింది. మేస్త్రి జేబులోంచి టేపు తీసి కాగితం మీద కొలిచాడు. వెనక కాళ్లు అర అంగుళం పొట్టి అని, ఇలాంటి బల్ల చేసిస్తే కొన్నవాళ్లు చెప్పు తీసుకొస్తారని తేల్చేశాడు. దూరంగా ఉన్నవి చిన్నగా కనబడతాయని ఆ పిల్ల ఎంత మొత్తుకున్నా, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాడు. చివరికి ఆమె ఆయన చేత ఒక కన్ను మూయించి, చేయి చాపించి, పెన్సిలు అడ్డం పెట్టి ఎదురుగా ఉన్న అసలు బల్ల కాళ్లనే కొలిపించింది. నిజంగానే వెనకవి పొట్టి. మేస్త్రి ముఖం పాలిపోయింది. గబగబా లేచి, ఎప్పుడో తాను చేసిన ఆ బల్లను బోర్లించి నాలుగు కాళ్లూ రెండుసార్లు కొలుచుకున్నాడు. సమానంగానే ఉన్నాయి. తప్పు తన పనిది కాదు, కంటిదని తేలాక గానీ మనిషి కుదుటపడలేదు.

ఆ తర్వాత చకచకా పట్టేశాడు, పనివాడి చెయ్యి కదా. గీతలన్నీ దూరంగా ఒక చుక్క దగ్గరికి పోయి కలుస్తాయి. కంటికి పైన ఉన్నవాటి అడుగు కనబడుతుంది, కింద ఉన్నవాటి పైభాగం కనబడుతుంది. శనివారానికి కౌంటరు బొమ్మ తయారైంది, మెరిసే పైపలక మీద పూలకుండీతో సహా.

"బాగుంది నాన్నా. కానీ ఇదంతా నీ ఎత్తు నుంచి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకి ఇలా కనబడదుగా?" అంది కూతురు. ఎత్తు మార్చి చూడటం అలవాటు కావాలంటే ముందు అమ్మ ఎత్తు నుంచి వంటగది గీయమంది.

ఆ అమ్మ ఆయన భుజం దాకా కూడా రాదు. మేస్త్రి గొణుక్కుంటూ వెళ్లి, ఆమె పొయ్యి దగ్గర నిలబడే చోట మోకాళ్లు వంచి తలెత్తాడు. పైన, గోడకి తాను చేసి బిగించిన చెక్క అర. నిలబడి చూస్తే నిగనిగలాడే ఆ అరకి అడుగున చిత్రికే పట్టలేదు. రంపపు గీతలు, లేచిన పెచ్చులు, పెన్సిలుతో రాసుకున్న కొలతలు, ఒక వంకర మేకు. కనబడని వైపు నునుపు చేయడం దండగని ఆయన నమ్మకం.

"ఇది ఇన్నాళ్లూ ఇలాగే ఉందా?"

"పెట్టిన రోజే అడిగాను," అంది భార్య కూర కలుపుతూ. "అడుగు ఎవరు చూస్తారే అన్నారు. ఇరవై రెండేళ్లుగా రోజూ నేనే చూస్తున్నాను."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. సిగ్గుతో బయటికొచ్చేశాడు.

ఆదివారమంతా కుర్చీలో కూర్చునే గీశాడు. ఆ ఎత్తు నుంచి గీసేసరికి, తన ఎత్తుకు తగ్గట్టు వేసిన కౌంటరు గోడలా ఉంది. పూలకుండీ సంగతి సరే, అవతల కూర్చున్న మనిషి జుట్టు కూడా కనబడదు. కౌంటరుకి ఒక పక్కన మూడడుగుల పొడవు భాగాన్ని కిందికి దించి మళ్లీ గీశాడు. సోమవారం డాక్టరమ్మ, మేస్త్రి కుర్చీ ఎత్తు నుంచి గీసిన రెండు బొమ్మలూ పట్టుకుని, రోగులు కూర్చునే కుర్చీలో కూర్చుని చాలాసేపు చూసింది. కంప్యూటరు బొమ్మ పక్కన పెట్టి, పని మేస్త్రిదేనంది.

ఇంటికొచ్చి చెబితే భార్య సంబరపడిపోయి కంచం పెట్టింది. ఆయన కంచం వైపు చూడకుండా, చిత్రిక చంకన పెట్టుకుని వంటగదిలో అర మీది గిన్నెలు దించడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడెందుకండీ, భోంచేయక. నాకు అలవాటైపోయింది."

"నీకు అయ్యుంటుంది. నేను చూసి రెండు రోజులేగా," అన్నాడు మేస్త్రి. "నాకు అన్నం సహించట్లేదు."