కడుపునొప్పి పుస్తకం

ఆ బడిలో ఆయమ్మకంటూ ఉన్నది ఒక్క గది. అందులో ఒక మంచం, ఒక దుప్పటి, ఒక పుస్తకం. ఒంట్లో బాగోలేదని వచ్చిన ఆడపిల్లను కాసేపు పడుకోబెట్టి, పుస్తకంలో పేరు, వేళ, జబ్బు రాయడం ఆమె పని. పదమూడేళ్లుగా ఆమె రాసిన జబ్బు ఒక్కటే: కడుపునొప్పి. నెలసరి వచ్చినా కడుపునొప్పే, ప్రాణస్నేహితురాలు మాట్లాడడం మానేసినా కడుపునొప్పే, ఇంట్లో అమ్మానాన్నలు పోట్లాడుకున్నా కడుపునొప్పే. ఎందుకేడుస్తున్నావని ఏ పిల్లనూ అడిగేది కాదు. అడిగితే ముడుచుకుపోతారని ఆమె లెక్క. కడుపునొప్పి అంటే ఏ టీచరూ కాదనరు, ఏ తండ్రీ ఆరా తీయడు. ఆ ఒక్క మాటతో ఎంతమందిని గట్టెక్కించానో అని ఆమెకు లోలోపల గర్వంగా ఉండేది. ఆ గర్వం చివరికి కొంప ముంచింది. మునిగిన కొంప ఆమెది కాదు, అదే పాపం.

ఈ ఏడాది ఆ బడికి ఆడపిల్లల ఆరోగ్యం మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ప్రతి మంగళవారం మూడో పీరియడులో తొమ్మిదో తరగతి ఆడపిల్లలందరికీ హాల్లో బరువు చూడాలన్నారు. నేల చదునుగా ఉన్నది కిటికీ దగ్గర కాబట్టి మిషను అక్కడ పెట్టారు. చార్టేమో అవతలి గోడకు అంటించారు. మధ్యలో అంత దూరం ఉండడంతో వ్యాయామం టీచరు ప్రతి పిల్ల బరువూ గొంతు చించుకుని చెప్పేది. అవతల నిలబడ్డ క్లాసు లీడరు విని, బరువు సరిపోతే పేరు పక్కన పచ్చబిళ్ల, ఎక్కువైతే ఎర్రబిళ్ల అంటించేది. చార్టును ఇవతలి గోడకు మార్చుకోవచ్చు కదా అని అంత చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

మొదటి మంగళవారం హాల్లోంచి సరాసరి ఆ గదికి వచ్చిన పిల్లను ఆయమ్మ ‘బుగ్గలూ’ అని పిలిచేది. నిండుగా ఉండే ఆ బుగ్గలంటే ఆమెకు ముద్దు. ఎర్రబిళ్ల పడిందని ఆ పిల్ల చెప్పింది. ఆయమ్మ దుప్పటి కప్పింది, కడుపునొప్పి అని రాసింది. మూడోవారం ఆ పిల్ల, తనను అలా పిలవొద్దని మెల్లగా అంది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం అన్నం డబ్బా తెచ్చి, నిండుగా ఇంటికి తీసుకెళితే అమ్మ తిడుతుంది, మీరు తినండి ఆయమ్మా అని చేతిలో పెట్టింది. ఆయమ్మ తినేసింది. రోజూ తింది. కూర బాగుందని మెచ్చుకుంది కూడా. ఆ పిల్ల మంచం అంచున గోడవైపు తిరిగి కూర్చునేది.

తొమ్మిదోవారం ఎర్రబిళ్ల పోయి పచ్చబిళ్ల వచ్చింది. హాలంతా చప్పట్లు కొట్టారు. మెట్లు దిగుతూ ఆ పిల్ల కళ్లు తిరిగి పడిపోయింది. అట్నుంచి అటే ఆసుపత్రికి తీసుకెళ్లారు.

నాలుగో రోజున తల్లి వచ్చింది. ఆవిడ కుట్టుపని చేస్తుంది. బరువు చూడడం ఆపితే తప్ప బిడ్డను బడికి పంపనని పెద్దమేడంతో చెప్పి, కూతురి యూనిఫాం లంగా బల్లమీద పరిచింది. రెండు నెలల్లో నాలుగుసార్లు నడుము దగ్గర కుట్టు బిగించానని, పొడుగవుతోంది కాబట్టి సన్నబడుతోందని మురిసిపోయానని చెప్పింది. డబ్బా రోజూ ఖాళీగానే వచ్చేదట. పిలిపిస్తే వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డ ఆయమ్మ ఆ లంగా మీంచి చూపు తిప్పుకుంది.

పెద్దమేడం ఒక్క మాట కూడా పరుషంగా అనలేదు. పుస్తకం తెప్పించి తల్లి ముందు తెరిచింది. ఎనిమిదిసార్లు కడుపునొప్పి. అమ్మాయికి పొట్టలో ఏదో ఎప్పట్నుంచో ఉందని, ఇంట్లోవాళ్లు పట్టించుకోలేదని, బరువు మిషనుకూ దీనికీ సంబంధం లేదని నెమ్మదిగా చెప్పింది.

తల్లి పేజీలు తిప్పి చూసింది. “అన్నీ మంగళవారాలే. అన్నీ మూడో పీరియడే. కడుపునొప్పికి టైంటేబులు ఉంటుందా మేడం?” అంది. తర్వాత ఆయమ్మవైపు తిరిగింది. “మా అమ్మాయి ఒక్కటే చెప్పింది. ఆయమ్మని అడుగమ్మా, ఆవిడకన్నీ తెలుసు అంది.”

ఆయమ్మ నోరు తెరిచింది. ఈలోపు పెద్దమేడం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అంది: “చెప్పు, పర్లేదు. కాకపోతే ఇది అబద్ధమైతే పదమూడేళ్ల పుస్తకమూ అబద్ధమే అవుతుంది. ఇన్నేళ్లూ ఏం చూసి రాశావని పైవాళ్లు అడుగుతారు. నీ ఇష్టం.”

గదిలో అందరూ ఆమెనే చూస్తున్నారు. డబ్బా గురించి చెప్పాలి. ఎర్రబిళ్ల గురించి చెప్పాలి. ఆమె చూపు మాత్రం పుస్తకంలోని తన గుండ్రటి అక్షరాల మీదే ఉండిపోయింది.

“కడుపునొప్పేనండి,” అంది.

తల్లి లంగాను జాగ్రత్తగా, బట్టలు కుట్టేవాళ్లు మడిచినట్టు అంచు మీద అంచు పెట్టి మడిచింది. సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ పిల్ల మళ్లీ బడి ముఖం చూడలేదు. చార్టులో ఆ పచ్చబిళ్ల మాత్రం అలాగే ఉంది.

మరుసటి మంగళవారం మూడో పీరియడులో గది గుమ్మం దగ్గర ఇంకో పిల్ల నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి, చేతిలో మూత తీయని డబ్బా ఉంది. ఆయమ్మ దుప్పటి అందుకోలేదు, పుస్తకం ముట్టలేదు. ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని, పదమూడేళ్లలో మొదటిసారి అడిగింది.

“ఏమైంది తల్లీ? నిజం చెప్పు. నేను చూసుకుంటాను.”

ఆఫీసు గదిలో ఎవరేమన్నారో సాయంత్రానికల్లా బడంతా పాకిపోతుంది. ఆ పిల్ల ఆయమ్మ ముఖంలోకి ఒకసారి చూసి, చెయ్యి మెల్లగా విడిపించుకుంది.

“కడుపునొప్పేనండి,” అంది.